బండి వేడెక్కుతాంది

పదకొండేళ్లలో నేను ఆ ముల్లును చూసినంతగా తన మొహం చూడలేదని మా ఆవిడ ఫిర్యాదు. కాదని బుకాయించలేను. స్టీరింగు వెనక, స్పీడు చూపించే పెద్ద గుండ్రటి అద్దం పక్కన, చిటికెన వేలంత చోటులో ఉండేది అది. ఇంజన్ వేడిని చూపిస్తుంది. కింద చల్లన, పైన ఎర్ర గీత. మధ్యలో నిలబడి ఉంటే నాకు ఊపిరి ఆడేది. వెంట్రుకవాసి పైకి జరిగిందనిపిస్తే చాలు, పక్కన ఎంత పెద్ద ట్రక్కు పోతున్నా కంటికి ఆనేది కాదు.

నా ఉద్యోగమూ అలాంటిదే. సౌదీ అరేబియాలోని జుబైల్‌లో ఒక ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. పైపుల్లో ఎంత వేడి ఉంది, ట్యాంకుల్లో ఎంత ఒత్తిడి ఉంది అని చూపించే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించి, చెప్పనివాటిని దారికి తేవడం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లాంటులో ఉన్న ముళ్లన్నిటినీ అనుమానించి, ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఈ ఒక్క ముల్లును గుడ్డిగా నమ్మేవాణ్ణి.

బండి అమెరికన్ సెడాన్. వెండి రంగు. ధహ్రాన్‌లో ఒక తెలుగు ఇంజనీరు దేశం వదిలి వెళ్లిపోతూ నాకు అమ్మేశారు. పేరు మీద బండి ఉంటే ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలే అనుమతి, రాదు కాబట్టి ఆయనకు తొందర. మా ఆవిడ వీసా చేతికి వచ్చింది కాబట్టి నాకూ తొందరే. తాళాలు ఇస్తూ ఆయన, "ఎండాకాలంలో దీని ఏసీని మించింది లేదండీ. కాకపోతే రేడియేటర్ మీద ఒక కన్నేసి ఉంచండి" అన్నారు. ఆయన ఒక కన్నే అన్నారు. నేను రెండూ వేశాను.

ఏసీ గురించి ఆయన చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. బయట ఇనుప గేటు తాకితే చెయ్యి బొబ్బలెక్కే మధ్యాహ్నం కూడా, బండి కదిలిన రెండు నిమిషాలకు మా ఆవిడ దుపట్టా భుజాల చుట్టూ కప్పుకునేది. తలుపులు ఎంత బరువంటే, మా పాప వాటిని రెండు చేతులతో తోసి కూడా మూయలేకపోయేది. డిక్కీలో సంసారం సర్దేయవచ్చు. వెనక సీటు ముగ్గురు పెద్దవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చునేంత. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు పైకప్పు గుడ్డ జిగురు వదిలి నెత్తి మీదికి జారడం మొదలుపెట్టింది. కొత్త గుడ్డ వేయించుకుందామని నేను అంటుండగానే మా ఆవిడ తన దుపట్టాకు పెట్టుకునే ముత్యాల తల పిన్నులు తెచ్చి వరసగా గుచ్చేసింది. అవి అలాగే ఉండిపోయాయి.

నాకు మాత్రం ఆ బండిలో ఒక్కరోజు సుఖంగా కూర్చున్న గుర్తు లేదు. ఏడాదికోసారి ఫహస్ అని బండికి పరీక్ష చేస్తారు. అది గట్టెక్కితేనే కాగితాలు కొత్తవవుతాయి. పరీక్షకు వారం ముందు నుంచి నాకు అన్నం సయించేది కాదు. కొత్త చప్పుడు వినిపిస్తే అద్దాలు దించి, రేడియో ఆపి, మాట్లాడుతున్న పెళ్లాన్ని ఆపి వినేవాణ్ణి. ఒకసారి రెండు రోజులు వెతికిన టక్‌టక్ చప్పుడు మా పాప సీటు కింద దాచిపెట్టిన ఖర్జూర గింజలదని తేలింది. "అమ్మెయ్యరాదా దీన్ని, నీ ప్రాణం కుదుటపడతాది" అని మా ఆవిడ ఏటా అనేది. అమ్మితే మళ్లీ ఇంకో ముల్లుతో మొదటినుంచి పరిచయం పెంచుకోవాలి. ఆ ధైర్యం నాకు లేదు.

ఆ వెనక సీటుకు ఒక మనిషి అలవాటు పడింది. ఇదంతా రాస్తున్నది ఆమె గురించి.

ఖతీఫ్ చేపల మార్కెట్లో దొరికింది ఆమె. మా ఆవిడ ఒక చేపను పట్టుకుని, "దీని మొహం చూస్తే నిన్నటిది మాదిరి ఉండాది" అని నాతో తెలుగులో అంటోంది. పక్కన బుట్ట పట్టుకుని నిలబడ్డ నల్ల అబాయా, అదే బురఖా, వేసుకున్న ఆమె గిరుక్కున తిరిగి మా ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. ఆమెది రాయచోటి పక్కన పల్లె. ఖతీఫ్‌లోనే ఒక ఇంట్లో వంటా పిల్లల పనీ చేస్తోంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. దూదేకులవాళ్లం కాబట్టి మా ఇంట్లోనూ తెలుగే, ఆమె ఇంట్లోనూ తెలుగే. ఆమె చుట్టూ ఉన్నది మాత్రం అరబ్బీ. "మూడేండ్లయింది తెలుగు మాట్లాడి. ఫోన్లో మాట్లాడేది మాటేనా అమ్మాయీ" అంది మా ఆవిడతో, చెయ్యి వదలకుండానే. మేము ఆమెను అక్కా అన్నాం. ఆమె నన్ను తమ్ముడూ అంది. అంతే.

ఆమె పనిచేసే ఇంటి మేడమ్ చెడ్డ మనిషి కాదు. నెలకు రెండు శుక్రవారాలు మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక బయటికి వెళ్లనిచ్చేది, పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ లోపు తిరిగి రావాలి. అంటే ఎండాకాలంలో దగ్గర దగ్గర మూడు గంటలు. కానీ ఆమెకు వెళ్లడానికి చోటు లేదు. హోటల్లో కూర్చుందామంటే ఒప్పుకునేది కాదు, నలుగురిలో గొంతెత్తి మాట్లాడలేనంటుంది. మేమున్న జుబైల్ తీసుకెళ్లి వెనక్కి తెచ్చేసరికి పొద్దు రోడ్డు మీదే పోతుంది. అందుకని సముద్రం ఒడ్డున బండి ఆపేవాళ్లం. నేను ముందు సీట్లో, వెనక వాళ్లిద్దరూ. పాప పుట్టాక అది కూడా వెనకే. అక్క ఎప్పుడూ నడిమిట్లోనే కూర్చునేది. రెండు ముందు సీట్ల సందులోంచి ఏసీ గాలి నేరుగా మొహానికి తగులుతుందని ఆమె లెక్క.

అక్కడ వాళ్లు మాట్లాడుకోని సంగతి లేదు. ఆమె కూతురు బడి మానేసింది, కూతురికి పెళ్లి కుదిరింది, పెళ్లికి ఈమె వెళ్లలేకపోయింది. అన్నీ మా బండిలోనే జరిగాయని చెప్పాలి. పెళ్లి రోజు ఫోన్లో వీడియో చూస్తూ ఆ వెనక సీట్లోనే ఏడ్చింది. పైకప్పు గుడ్డ ఇంకాస్త జారితే తన తలలోంచి రెండు పిన్నులు తీసి గుచ్చింది. మా ఆవిడ అరటికాయ బజ్జీలో, ఉగ్గాణో చేసి తెచ్చేది. ఇద్దరూ తింటూ, నవ్వుతూ, మా ఊరి యాస, వాళ్ల ఊరి యాస ఏది ముద్దుగా ఉందని తగువులాడుకునేవాళ్లు.

నేనేమో ముల్లును చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఎందుకంటే, బండి నడుస్తుంటే రేడియేటర్‌కు గాలి తగులుతుంది. ఎండలో నిలబెట్టి, ఏసీ వేసి, ఇంజన్ ఆపకుండా గంటలు గంటలు ఉంచితే పాత బండికి అంత ఇబ్బంది ఇంకోటి లేదు. మొదట్లో నిజంగానే ఒకటి రెండు సార్లు ముల్లు పైకి పోయింది. నేను వెనక్కి తిరిగి, "అక్కా, బండి వేడెక్కుతాంది, ఇంక పోదామా" అన్నాను. ఆమె వెంటనే అబాయా సర్దుకుంది. "పదండి, బండి చెడిపోతే మీకు కష్టం" అంది. పాపం, ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఆ మాట అంత తేలిగ్గా పనిచేయడం నాకు మంచిది కాలేదు. తర్వాత తర్వాత ముల్లు కదలకపోయినా కదులుతుందేమోనని అనేవాణ్ణి. ఆ తర్వాత, నాకు విసుగు పుట్టినా అదే అనేవాణ్ణి. నడుం నొప్పి పుట్టినా అదే, మర్నాడు డ్యూటీ గుర్తొచ్చినా అదే. "బండి వేడెక్కుతాంది అక్కా." మూడు గంటల సెలవు నా చేతిలో గంటకు తగ్గిపోయింది. మిగిలిన రెండు గంటలు ఆమె మళ్లీ ఆ ఇంటి వంటగదిలోనే గడిపి ఉంటుంది. ఆరేళ్లలో అలా ఎన్ని శుక్రవారాలు కత్తిరించానో నేను లెక్క పెట్టుకోలేదు, పెట్టుకునే ధైర్యమూ లేదు.

పోయిన ఎండాకాలం ఆమెకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత వెళ్లిపోతోంది. కూతురికి నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. అదే నెలలో మేము ఉమ్రా యాత్రకు మక్కా బయలుదేరుతున్నాం. పాప బడి సెలవులు, నాకు ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పని అయిపోయి దొరికిన పది రోజులు. ఆ సంగతి అక్కకు చెప్పాను. ఆమె ముందుకు వంగి, రెండు సీట్ల సందులోంచి నాతో అంది.

"తమ్ముడూ, ఒక క్యాను జమ్‌జమ్ నీళ్లు తెచ్చిపెడతావా నాకు. తొమ్మిదేండ్లు ఈ దేశంలో ఉండి మక్కా ముఖం చూడలేదంటే మా ఊర్లో ఎవురూ నమ్మరు. బిడ్డ పుడితే నాలిక మీద తొలి చుక్క అదే పెట్టల్లని ఉండాది. మిగిలింది మా వీధిలో ఇంటింటికీ ఇంత పోస్తా. వేరే ఏమీ వద్దు నాకు."

ఆరేళ్లలో ఆమె మమ్మల్ని అడిగింది అదొక్కటే. తెస్తానన్నాను. శనివారం ఆమె విమానం, మేము గురువారానికి తిరిగి వస్తాం, శుక్రవారం చివరి కలయిక. అంతా సరిగ్గా సరిపోయింది. అంత సరిగ్గా సరిపోయిన లెక్క ఏదైనా నాకు అనుమానమే.

బయలుదేరే ముందు బండిని సనాయియాలో, అంటే వర్క్‌షాపులన్నీ ఉండే వీధిలో, మా పాకిస్తానీ మెకానిక్‌కు చూపించాను. ఆయన పైపులన్నీ నొక్కి చూసి, ఒక రబ్బరు పైపు గట్టిబడింది, మార్చేస్తానన్నాడు. ఆ సైజు ఆయన దగ్గర లేదు, రెండు రోజులు పడుతుందన్నాడు. నాకు రెండు రోజులు లేవు. ఇన్నేళ్లు బండి కోసం నిద్ర మానుకున్న నేను, ఆ ఒక్కసారి మాత్రం, "వచ్చాక మారుద్దాం ఉస్తాద్" అనేశాను. ఇప్పటికీ నాకు అర్థం కాదు ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

మక్కాలో ఆ పవిత్రమైన జమ్‌జమ్ బావి నీళ్లు ఐదు లీటర్ల క్యాన్లు మూడు తీసుకున్నాం. రెండు మాకు, ఒకటి అక్కకు. మా పాప తన జడ రిబ్బను విప్పి అక్క క్యాను పిడికి కట్టింది, కలిసిపోకుండా. ఎర్ర రిబ్బను. డిక్కీలో మూడూ పక్కపక్కన పెట్టి, దొర్లకుండా చుట్టూ దుప్పటి కుక్కాను.

తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి రియాద్‌లో ఆగి, పొద్దున్నే దమ్మామ్ రోడ్డు ఎక్కాం. పదకొండు గంటలకు ఎడారి తెల్లగా మారింది. దూరంగా ఒంటెలు ఒకదాని నీడలో ఒకటి నిలబడాలని చూస్తున్నాయి. మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"ఏమో బెల్లం పాకం మాడిన వాసన వస్తాంది."

"ముందు ట్రక్కుదిలే."

"ట్రక్కు యాడుండాది?"

నిజమే, ట్రక్కు లేదు. నేను ముల్లును చూశాను. అది మధ్యలో కూడా లేదు, ఇంకా కిందికి ఉంది. పదకొండేళ్లలో అంత ఎండలో అది అంత చల్లగా ఉండగా నేను చూడలేదు. నాకు ఎంత సంతోషమైందంటే, మక్కా వెళ్లి వచ్చిన పుణ్యం బండికి కూడా తగిలిందనుకున్నాను.

"చూడు, ఎంత చల్లగా ఉండాదో" అని వేలితో చూపించాను కూడా.

"నీ ముల్లుకు ముక్కు లేదు, నాకు ఉండాది. ఆపి చూడు" అంది మా ఆవిడ.

ఆపలేదు. ఆమె రెండోసారి చెప్పింది, అప్పుడూ ఆపలేదు. మీటరు చూపిస్తున్నదాన్ని కాదని పక్కనున్న మనిషి చెప్పేది వినడం నా చదువులో లేదు. పది నిమిషాలకు ఏసీలోంచి వెచ్చటి గాలి రావడం మొదలైంది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత నొక్కినా బండి ముందుకు పోనని మొరాయించింది. బానెట్ అంచుల నుంచి ఆవిరి పైకి లేచింది. ముల్లు మాత్రం కిందనే, హాయిగా పడుకుని ఉంది.

రోడ్డు పక్కకు ఎలా తీశానో గుర్తు లేదు. దిగగానే ఎండ నెత్తి మీద చెయ్యి పెట్టి అదిమినట్టయింది. ముందున్న పెట్రోల్ బంకు ఇంకా నలభై కిలోమీటర్లు. బండిని మోసుకుపోయే లారీవాడికి ఫోన్ చేస్తే గంటన్నర అన్నాడు. కార్లు నూటనలభైలో దూసుకుపోతున్నాయి. మా పాప బండి నీడలో, మట్టి మీద పరిచిన దుప్పటి మీద కూర్చుంది. బుగ్గలు కందిపోయాయి. తాగే నీళ్లు రెండు సీసాలున్నాయి. గంటన్నర. ఐదేళ్ల పిల్ల. నాకు ఇక వేరే ఆలోచన లేదు. ఇంజన్‌కు నీళ్లు పోస్తే బంకు దాకా లాక్కుపోవచ్చు, అక్కడ నీడ ఉంటుంది, ఏసీ ఉంటుంది. తాగే నీళ్లు తీయను, అవి పాపవి. వేరే నీళ్లు డిక్కీలో ఉన్నాయి.

మొదటి క్యాను మూత తీసేటప్పుడు బిస్మిల్లా అన్నాను. రేడియేటర్ మూత తువ్వాలుతో తిప్పితే ఆవిరి ఎగజిమ్మి మణికట్టు కాలింది. పోశాను. బుసబుసమంటూ మింగేసింది. రెండోది పోశాను. అదీ పోయింది. నిండలేదు. రిబ్బను కట్టిన మూడోదాని కోసం డిక్కీ దగ్గరికి వెళ్తే మా ఆవిడ అడ్డం నిలబడింది.

"అది అక్కది."

"తెలుసు."

"కొంచేపు ఆగు. ఎవురో ఒకరు ఆపుతారు."

"ఎవురాపుతారు? చూస్తాండావు కదా ఎట్ల పోతాండారో. పాప మొహం చూడు ఒకసారి."

ఆమె పాప మొహం చూసింది. తర్వాత పక్కకు జరిగింది. నేను పాప పేరు చెప్పి గెలిచాను. నిజానికి పాప అప్పటికి బాగానే ఉంది, దుప్పటి మీద ఒంటెలను లెక్కపెట్టుకుంటోంది. బాగా లేనిది నేను.

రిబ్బను విప్పి జేబులో పెట్టుకున్నాను. మూడో క్యాను వంచాను. సగానికి పైగా పోయాక పాప కింద నుంచి పిలిచింది.

"నాయనా, నీళ్లన్నీ కింద పోతాండాయి."

వంగి చూశాను. బండి కింద ఇసుక చాప వేసినంత మేర నల్లగా తడిసి ఉంది. తడి అంచు ఎండకు వెనక్కి వెనక్కి పోతోంది. ఆ గట్టిబడ్డ పైపే, నిలువునా చీలింది; మాడిన బెల్లం వాసన అందులోంచి కారిన కూలెంట్‌దే. నేను పోసిన ప్రతి చుక్కా ఇంజన్ చుట్టూ తిరగకుండా నేరుగా నేల మీదికి కారింది. పోసేముందు కిందికి వంగి ఒక్కసారి చూస్తే చాలు, పసిపిల్లకు కూడా కనపడింది. నేను చూడలేదు. క్యాను నిలబెట్టాను. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మిగిలాయి. వాటిని చూస్తూ నేను రోడ్డు పక్కన ఏడ్చాను. మా ఆవిడ క్యాను నా చేతిలోంచి తీసుకుని మూత బిగించింది.

ఒక పికప్ దాటిపోయి, ఆగి, రోడ్డు పక్కనే వెనక్కి వచ్చింది. నేను చివరి క్యాను వంచి పది నిమిషాలు కూడా కాలేదు. ఒక ముసలి సౌదీ, వెనక గొర్రెల గడ్డి మోపులు, వాటి మధ్య పెద్ద ఐసు పెట్టె. దిగుతూనే "మోయ, మోయ", నీళ్లు నీళ్లు అని, ఐసులోంచి నీళ్ల సీసాలు తీసి పాప ఒళ్లో నాలుగు, మా ఆవిడ చేతిలో నాలుగు పెట్టాడు. ఇంకా ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి ఆ పెట్టెలో. అప్పుడు ఆయన కన్ను ఇసుకలో పడున్న ఖాళీ క్యాన్ల మీద పడింది. ఒకటి ఎత్తి, దాని మీది అక్షరాలు చదివాడు. తడి నేల చూశాడు. నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది. క్యాన్లు రెండూ దులిపి, జాగ్రత్తగా మా డిక్కీలో పెట్టి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. లారీ వచ్చేదాకా మా ఆవిడనూ పాపనూ తన పికప్ ఏసీలో కూర్చోబెట్టి, తను బయట నాతో పాటు ఎండలో నిలబడ్డాడు.

పది నిమిషాలు. ఆగమని మా ఆవిడ అడిగింది కూడా అంతే.

మర్నాడు పొద్దున సనాయియాలో మెకానిక్, ఈలోపు తెప్పించి ఉంచిన పైపు వేసి, లోపలంతా చూసి, ఇంజన్ బతికింది, నీ అదృష్టం అన్నాడు. ముల్లు ఎందుకు చల్లగా చూపించిందని అడిగితే ఆయన నావైపు వింతగా చూశాడు. "పానీ హీ నహీ థా భాయ్, సుయీ క్యా బతాయేగీ?" అన్నాడు, నీళ్లే లేకుంటే ముల్లేం చెబుతుందని. వేడిని కనిపెట్టే పుల్ల నీళ్లలో మునిగి ఉండాలి. నీళ్లే పోయాక అది ఖాళీలో వేలాడుతూ తన మానాన తను ఏదో చెబుతుంది. నా తల సిగ్గుతో వంగిపోయింది. ప్లాంటులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటిరోజు చెప్పే పాఠం అదే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం లోపు, జమ్‌జమ్ నీళ్లేమైనా ఉన్నాయా అని తెలిసిన ఇళ్లన్నిటికీ ఫోన్ చేశాను. కొందరి దగ్గర అయిపోయాయి, కొందరు ఊళ్లో లేరు. చివరికి వంటింట్లో ఆ మూడో క్యాను ముందు పెట్టుకుని నిలబడ్డాను. నాలుగు వేళ్ల నీళ్లున్నాయి. పైన కుళాయి ఉంది. నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, ఎవరికీ తెలియదు. నా చెయ్యి కుళాయి మీదికి పోయిన మాట నిజం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నది ఎప్పటినుంచో నాకు తెలియదు.

"పోస్తావా?" అంది.

కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. జేబులోంచి రిబ్బను తీసి మళ్లీ క్యాను పిడికి కట్టాను.

అసర్ అయ్యాక సముద్రం ఒడ్డున ఎప్పటి చోటే బండి ఆపాను. అక్క కొత్త దుపట్టా వేసుకుంది. ఎప్పటిలాగే నడిమిట్లో కూర్చుంది. నేను క్యాను ఆమె ఒళ్లో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. వాసన సంగతి, మా ఆవిడ ఆగమన్న సంగతి, పది నిమిషాల సంగతి, కుళాయి సంగతి కూడా. చెబుతున్నంతసేపూ వెనక్కి తిరగలేకపోయాను, అద్దంలోనే చూస్తూ చెప్పాను.

ఆమె క్యానును కాస్త ఊపి నీళ్ల చప్పుడు వింది.

"పాపకు ఎండదెబ్బ ఏం తగల్లేదు కదా?"

"లేదక్కా."

"ఇంకేం మరి. ఇంటికి పోయినాక బిందెడు నీళ్లల్లో ఒక మూత వేస్తే బిందె అంతా జమ్‌జమే అవుతాది. వీధికంతా వస్తాది. బిడ్డకు ఒక చుక్క తీసిపెడతా ముందు." తర్వాత మా పాపను దగ్గరికి లాక్కుని, "నువ్వు చెప్పకుంటే మీ నాయన ఇదీ ఒలకబోసి ఉండు కదా" అంది. పాప గర్వంగా తలూపింది. నాకు కాస్త ఊపిరి తిరిగింది.

ఆ రోజు వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. మా ఆవిడ ఉగ్గాణి తెచ్చింది. అక్క పైకప్పులో తను గుచ్చిన రెండు పిన్నులు ఏవో వెతికి చూపించింది, వాటిని తీసుకోమంటే వద్దంది. గంట దాటింది. గంటన్నర దాటింది. బయట ఎండ తగ్గలేదు. ఇంజన్ నడుస్తోంది, ఏసీ నడుస్తోంది, కొత్త పైపు, కొత్త నీళ్లు, ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. నేను దాన్ని చూస్తూనే ఉన్నాను, మానలేకపోయాను. కానీ నోరు తెరవలేదు.

రెండు గంటలు కావొస్తుండగా వెనక మాటలు ఆగాయి. అబాయా సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇంక పద తమ్ముడూ. బండి వేడెక్కుతాది" అంది అక్క.

"లేదక్కా. ముల్లు కదల్లేదు." ఇక దాచడానికి ఏమీ లేదనిపించింది. "ఇంతకుముందు కూడా… చానా సార్లు కదల్లేదక్కా. నేనే ఊరికే చెప్పినా."

అక్క ముందుకు వంగింది. రెండు సీట్ల సందులోంచి ఆమె చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది.

"తెలుసు తమ్ముడూ. ఈడ నడిమిట్ల కూర్చుంటే ఆ ముల్లు నాకూ కనపడతాది."

ఆరేళ్లు. నేను వెనక్కి తిరిగి ఆ మాట అన్న ప్రతిసారీ ఆమె నా భుజం మీదుగా ముల్లును చూసింది, అది మధ్యలో నిలబడి ఉండడం చూసింది, అబాయా సర్దుకుని, బండి చెడిపోతే మీకు కష్టం అంటూ పోదామంది.

"అజాన్‌కు ఇంకా గంట ఉండాది, కూర్చోక్కా" అన్నాను.

ఆమె కూర్చుంది. మగ్రిబ్ అజాన్‌కు కాస్త ముందు ఆమెను గేటు దగ్గర దింపేదాకా నేను ఇంజన్ ఆపలేదు.